ఆస్ట్రేలియా చర్మవైద్యంలో జెనరేటివ్ ఏఐ

ఆస్ట్రేలియా చర్మవైద్యంలోకి జెనరేటివ్ ఏఐ ప్రధానంగా రాతపని ద్వారా వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అత్యధికంగా కనిపించే దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. 70 ఏళ్లు నిండేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అంచనా. అరికాళ్ల దాకా ఒళ్లంతా పరీక్షించే వైద్యుడు డెర్మటోస్కోప్‌తో ఒక్కో మచ్చనూ చూస్తూ అది ఎక్కడుందో, ఎన్ని మిల్లీమీటర్లుందో, అంచు ఎలా ఉందో పైకి చెబుతుంటే, మెల్‌బోర్న్‌లో పుట్టిన హైడీ, లైర్‌బర్డ్ వంటి ఏఐ స్క్రైబ్‌లు విని నోట్సు, రెఫరల్ లేఖ సిద్ధం చేస్తాయి. కీబోర్డు వదిలి రోగి ముఖం చూస్తూ మాట్లాడే వీలు దొరకడం చిన్న లాభం కాదు. అయితే నోట్సులో కుడి పిక్క ఎడమ పిక్కగా మారితే కత్తి వేరే చోట పడే ప్రమాదముంది. అందుకే వైద్యుడు ఆ నోట్సును మచ్చ ఫొటోతో సరిచూసుకోకుండా ఖరారు చేయకూడదు.

2023 మేలో పెర్త్‌లోని సౌత్ మెట్రోపాలిటన్ హెల్త్ సర్వీస్, గోప్యతకు భంగమని, రోగుల నోట్సుకు చాట్‌జీపీటీ వాడొద్దని సిబ్బందిని ఆదేశించింది. వైద్యుల రిజిస్ట్రేషన్ చూసే ఆప్రా 2024లో మార్గదర్శకాలిచ్చింది: ఏ సాధనం వాడినా బాధ్యత వైద్యుడిదే, సంభాషణను రికార్డు చేసే సాధనానికి రోగి సమ్మతి ఉండాలి. మాటలను రాసిపెట్టడంతో ఆగే సాఫ్ట్‌వేర్‌ను ఔషధ నియంత్రణ సంస్థ టీజీఏ వైద్య పరికరంగా లెక్కించదు. రోగమేదో, చికిత్సేదో సూచిస్తే లెక్కిస్తుంది.

రోగులూ చాట్‌బాట్‌ను అడిగే వస్తున్నారు. స్పెషలిస్టు అపాయింట్‌మెంటు ఆలస్యమయ్యేచోట అది సహజమే. కానీ ఏఐ నేర్చుకునే చర్మవ్యాధుల చిత్రాల్లో తెల్లని చర్మానివే ఎక్కువ. తెలుగువారి చామనఛాయ ఒంటిపై ఎగ్జిమా ఎర్రగా కాక గోధుమ, ఊదా రంగుల్లో కనిపించవచ్చు. ముదురు చర్మంలో మెలనోమా అరికాలిలోనో గోరు కిందో దాగవచ్చు. ఎండ తగిలే చోట్ల గురించే చెప్పే జవాబు వీరికి చాలదు.

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేలు. ఇంగ్లిష్ అంతగా రాని పెద్దల బయాప్సీ రిపోర్టును పిల్లలు చాట్‌బాట్‌తో తెలుగులోకి మార్చుకోవచ్చు, మంచిదే. అయితే 'మెలనోమా ఇన్ సిటు' అన్నచోట అది క్యాన్సర్ అని చెప్పి ఊరుకుంటే ఇంటిల్లిపాదీ హడలిపోతుంది. ఆ కణాలు చర్మం పైపొర దాటలేదనీ, కోసి తీసేస్తే సాధారణంగా నయమవుతుందనీ వైద్యుడే చెప్పాలి. అవసరమైతే 131 450 నంబరులో దొరికే ప్రభుత్వ దుబాసీ సేవ, టిస్ నేషనల్ సాయం తీసుకోవచ్చు. రోగి ఎదురుప్రశ్న వేస్తే వెంటనే వైద్యుడి జవాబు దొరికేది అలాంటి సంభాషణలోనే.