అంకితం ఎవరికి?

నెల్లూరు తీరంలో సత్కారం అనే మాటకు పదమూడో శతాబ్దం నాటికే ఒక గట్టి అర్థం స్థిరపడింది. విక్రమసింహపురి అని పిలిచిన ఆనాటి నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన, నిర్వచనోత్తర రామాయణాన్ని తన రాజుకే అంకితమిచ్చాడు గాని, మహాభారతంలో తాను తెనిగించిన పదిహేను పర్వాలను మాత్రం హరిహరనాథుడికి సమర్పించాడు. అదే కాలపు కవి కేతన తన దశకుమారచరిత్రను ఏ ప్రభువుకూ ఇవ్వక తిక్కనకే ఇచ్చి, అవతారికలో, అంటే కృతి పుచ్చుకునేవారి గురించి కవి చెప్పుకునే తొలి భాగంలో, ఆయన వంశాన్ని విస్తరించి వర్ణించాడు. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడిని కృతిభర్త అంటారు; సాధారణంగా ఆ స్థానం ధనమున్నవాడిది, అధికారమున్నవాడిది. కేతన దగ్గర మాత్రం అది ఆ విద్యలో ఆరితేరినవాడికి దక్కింది, ఇచ్చినవాడు కూడా ఆ విద్య లోతు ఎరిగినవాడే.

ఆటల్లోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది. ఆట మానుకున్న క్రీడాకారుల్లో అత్యున్నత సత్కారానికి ఎవరు తగుదురనే వాదం వచ్చినప్పుడు, ఆ సత్కారం చేసేదెవరు, ఏం చూసి చేస్తారు అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో బేస్‌బాల్ ఆటకు ఈ విషయంలో ఒక పద్ధతి ఏర్పడింది. ఆట విరమించి ఐదేళ్ళు గడిచిన ఆటగాడి పేరును, పదేళ్ళకు పైబడి ఆ ఆట గురించి రాస్తున్న పాత్రికేయుల ముందుంచుతారు. నూటికి డెబ్బై ఐదు ఓట్లు వస్తేనే కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళోని కీర్తిమందిరంలో చోటు. తొలి ఓటింగు 1936లో జరిగి, టై కాబ్, బేబ్ రూత్ సహా ఐదుగురు ఎన్నికయ్యారు. అభిమానులు ఆ ఫలితాల మీద నేటికీ పోట్లాడుకుంటారు గాని, వాదమంతా ఆట చుట్టూనే తిరుగుతుంది. అదే 1936లో ఇంగ్లండులో ఇద్దరు ముగ్గురు తెలుగువారి విషయంలో జరిగింది చూస్తే మన పద్ధతి ఎంత వేరుగా ఉండేదో తెలుస్తుంది.

ఆ కథ మద్రాసులో మొదలవుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు పాలనలోనిదే. తీరం వెంట బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద బియ్యమూ వంటచెరకూ మద్రాసుకు వెళ్ళినట్టే, చదువుకీ ఆటకీ కూడా ఈ తీరపు చూపు దక్షిణం వైపే ఉండేది. ఆ నగరంలో క్రికెట్‌ను భారతీయుల చేతికి తెచ్చినవాడు ఒక తెలుగువాడు, బుచ్చిబాబుగా ప్రసిద్ధుడైన వెంకట మహీపతి నాయుడు. చేపాక్ మైదానంలో తెల్లదొరలు పెవిలియన్‌లో కూర్చుని భోజనం చేస్తుంటే, వారితో తలపడిన భారతీయ ఆటగాళ్ళు చెట్ల నీడన తినవలసి రావడం ఆయనకు మింగుడు పడలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును నెలకొల్పాడు. యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య ఆయన తలపెట్టిన పోటీ 1908లో మొదలయ్యేసరికి ఆయన లేడు. తర్వాతి కాలంలో సంక్రాంతి రోజుల్లో చేపాక్‌లో జరిగే ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా పేరుపొందింది అదే.

ఆయన కుమారుల్లో ఒకడు, మాతామహుల ఇంటికి దత్తు వెళ్ళి ఇంటిపేరు మార్చుకున్న కోటా రామస్వామి, 1896లో పుట్టాడు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో భారతదేశం తరఫున ఆడాడు. నలభయ్యో ఏట, స్థూలకాయంతో, ఎడమచేతి వాటంతో బ్యాటు పట్టి 1936లో మాంచెస్టర్‌లో టెస్టు క్రికెట్‌లోకి అడుగుపెట్టి మొదటి ఇన్నింగ్స్‌లో 40, రెండో ఇన్నింగ్స్‌లో 60 పరుగులు చేశాడు. ఓవల్‌లో మరో 29, అజేయంగా 41. రెండు టెస్టుల్లో 170 పరుగులు, సగటు 56.66, అంతటితో ఆయన టెస్టు జీవితం ముగిసింది. రెండు ఆటల్లో దేశానికి ప్రాతినిధ్యం వహించిన మనుషులు ఎక్కడైనా అరుదే గనుక, తెలుగునాట కీర్తిమందిరమంటూ ఒకటి కడితే తొలి వరుసలో ఈయన ఉండాలి. రెండు టెస్టులే కదా అనే ఆక్షేపణకు జవాబు ఆయన వయసులో ఉంది: యవ్వనంలో ఉన్నప్పుడు ఆయన దేశానికి టెస్టు జట్టే లేదు.

1936లో ఇంగ్లండు పర్యటనకు వెళ్ళిన ఆ భారత జట్టుకు నాయకుడు విజయనగరం రాజవంశీకుడైన విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి విజ్జీ. మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం 33, సగటు 8.25. జట్టులో ముఖ్యుడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట టెస్టులు మొదలవకముందే ఓడ ఎక్కించి వెనక్కి పంపించారు. ఆ పర్యటన సాగుతుండగానే బ్రిటిషు ప్రభుత్వం నాయకుడికి సర్ బిరుదమిచ్చింది. స్వతంత్ర భారతదేశం 1958లో పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన క్రికెట్‌కు చేసిన ధనసహాయం, పోటీల నిర్వహణ తక్కువవి కావు. పోషకుడిగా ఆయనను కృతిభర్త అనడానికి అభ్యంతరం లేదు. ఆటగాడిగా మాత్రం ఆ 33 పరుగులే సాక్ష్యం.

ఆ జట్టులోనే కొట్టారి కనకయ్య నాయుడు, సి.కె. నాయుడు, మామూలు ఆటగాడిగా ఆడాడు. మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో 1895లో నాగపూర్‌లో పుట్టిన ఆయన, 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153 పరుగులు చేసినప్పుడు, పదకొండు సార్లు బంతి మైదానం దాటింది. 1932లో లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించాడు. అది కూడా పర్యటనకు నాయకుడిగా వెళ్ళిన పోర్‌బందర్ మహారాజు తనకంటే ఆట తెలిసినవాడికి దారి ఇవ్వడం వల్ల, అంటే ఒక రాజు చేసిన మంచి పని వల్ల దక్కింది. 1936లో ఓవల్‌లో ఇంగ్లండు బౌలర్ అలెన్ బంతి దెబ్బ తగిలినా 81 పరుగులు చేసి టెస్టుల నుంచి నిష్క్రమించాడు. ఏడు టెస్టుల్లో 350 పరుగులు, సగటు 25. అంకెలు మాత్రమే చూసేవారికి ఇది గొప్పగా కనిపించదు. అయితే నలభయ్యో పడికి చేరువైనప్పుడు టెస్టులు మొదలుపెట్టినవాడిని టెస్టు అంకెలతో తూచడం, చివరి పంట మాత్రమే చూసి పొలానికి వెలకట్టడం లాంటిది. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీల్లో మొదటిసారి కాలుమోపినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన ఆ జట్టు తరఫున కూడా ఆడాడు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. క్రికెటర్లలో అది అందుకున్న మొదటివాడు ఆయనే.

క్రికెట్ వెలుపల లెక్క ఇంకా అన్యాయంగా ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. ఆయన 1963లో క్యాన్సర్‌తో మరణించాడు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని పుట్టలేదు. ఆ 1962 జట్టులోని సికింద్రాబాద్ ఆటగాడు తులసీదాస్ బలరామ్‌కు, ఏటా మేటి క్రీడాకారులకిచ్చే అర్జున పురస్కారం ఆ ఏడాదే వచ్చింది, ఆ తర్వాత 2023లో మరణించేదాకా పద్మ పురస్కారాల్లో ఏదీ రాలేదు. వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరికీ బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కూ మాత్రం ఇంకా బరిలో ఉండగానే ఖేల్‌రత్న దక్కింది. విరమించినవారి కోసం హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పేరిట జీవితకాల పురస్కారం 2002లో మొదలైంది. భారతరత్న నిబంధనల్లో క్రీడలకు చోటు 2011లో వచ్చింది, 2014లో సచిన్ టెండూల్కర్‌తో అది ఫలించింది. ధ్యాన్‌చంద్‌కూ అది ఇవ్వాలని అభిమానులు చేసిన అభ్యర్థన మాత్రం ఫలించలేదు; ఆయన గౌరవం 1956 నాటి పద్మభూషణ్ దగ్గరే ఆగిపోయింది.

రామస్వామి 1985 అక్టోబరులో మద్రాసులో ఇల్లు విడిచి వెళ్ళి, తిరిగి రాలేదు. ఆయన జాడ ఎవరికీ తెలియలేదు.

ఆట తెలిసినవాడి పేరిట, ఆట తెలిసినవాడికి సత్కారం జరిగిన సందర్భం కూడా ఒకటి ఉంది. భారత క్రికెట్ బోర్డు తన అత్యున్నత జీవితకాల పురస్కారాన్ని 1994లో సి.కె. నాయుడు పేరిట నెలకొల్పింది. దాన్ని మొదట అందుకున్నవాడు, 1936లో విజ్జీ జట్టు ఓడ ఎక్కించి పంపిన లాలా అమర్‌నాథ్.