జీతాలకు గీత గీసేదెవరు?

భిలాయిలో జీతం సంగతి ఎత్తితే ముందు వచ్చే మాట అగ్రిమెంట్. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఊరది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెతుక్కుంటూ వెళ్లి సెక్టార్ల క్వార్టర్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎన్‌జేసీఎస్ అన్న నాలుగక్షరాలు ఇంటి మాట. ఉక్కు కార్మికుల వేతనాలు తేల్చడానికి 1969లో మొదలైన ఉమ్మడి సంప్రదింపుల కమిటీ అది. యాజమాన్యం ఒకవైపు, కార్మిక సంఘాలు మరోవైపు కూర్చుంటాయి, బేరం నడుస్తుంది, చివరకు సంతకాలు పడతాయి. కొన్నిసార్లు పడవు కూడా. 2021 అక్టోబరులో కుదిరిన అవగాహన మీద కొన్ని సంఘాలు సంతకం పెట్టనేలేదు, బకాయిల మీద గొడవ ఆ తర్వాతా నడిచింది. ఎంత గొడవ పడినా, జీతం తేలాలంటే కాగితం మీద రెండు వైపుల సంతకాలూ ఉండాలన్న సంగతిని ఆ ఊళ్లో ఎవరూ ప్రశ్నించరు. అదే ఊళ్లో 1991లో పుట్టి, ఛత్తీస్‌గఢ్‌కు ఆడుతున్న క్రికెటర్ శశాంక్ సింగ్ జీతానికి మాత్రం ఈ న్యాయం వర్తించలేదు.

2023 డిసెంబరు 19న దుబాయిలో జరిగిన ఐపీఎల్ వేలంలో ఆ పేరు వచ్చింది. కనీస ధర 20 లక్షలు. పంజాబ్ కింగ్స్ బల్ల దగ్గర చెయ్యి లేచింది, సుత్తి పడింది. అంతలో ఆ బల్ల దగ్గర కలవరం మొదలైంది. సుత్తి పడ్డాక వెనక్కి తీసుకోవడం కుదరదని వేలం నడుపుతున్న మల్లికా సాగర్ చెప్పారు. జాబితాలో అదే పేరుతో ఇద్దరున్నందువల్ల తికమక పడ్డామని, తమకు కావలసింది ఇతనేనని పంజాబ్ తర్వాత వివరణ ఇచ్చింది. 2024 సీజన్‌లో శశాంక్ 354 పరుగులు చేశాడు. అహ్మదాబాద్‌లో గుజరాత్ మీద 200 లక్ష్యాన్ని ఛేదిస్తూ 29 బంతుల్లో 61 కొట్టి నిలబడ్డాడు. మరుసటి సీజన్‌కు పంజాబ్ అతన్ని 5.5 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఏడాది తిరక్కుండానే ధర 27 రెట్లు దాటింది. అంతకుముందు 2022లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడినప్పుడూ అతని ధర 20 లక్షలే. అప్పుడూ ఇదే గుజరాత్ మీద ఆరు బంతుల్లో 25 పరుగులు చేశాడు. 20 లక్షలన్న మెట్టును, భారత్‌కు ఆడని ఆటగాణ్ణి అట్టిపెట్టుకుంటే పర్సు నుంచి, అంటే జట్టు ఆటగాళ్ల మీద పెట్టగల మొత్తం నుంచి, కనీసం 4 కోట్లు తగ్గించాలన్న మెట్టును, మొత్తం పర్సు ఇంతేనన్న గీతను నిర్ణయించింది క్రికెట్ బోర్డు. ఆ గీత గీసినప్పుడు ఆటగాళ్ల తరఫున బల్లకు అవతల ఎవరూ లేరు. జట్టు ఖర్చుకు పరిమితి ఉండడాన్ని నేను తప్పుపట్టను. జీతం తీసుకునేవాడి సంతకం లేకుండా పరిమితి పెట్టడం తప్పంటాను. ఆ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే, ఈ పరిమితి పద్ధతిని అందరికంటే పకడ్బందీగా నడుపుతున్న అమెరికా వైపు చూడాలి.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన కాలిబంతి కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరి, చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. ప్రతి ఎత్తుగడలో బంతి ముందుగా అందుకుని, ఎవరికివ్వాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. 1965లో న్యూయార్క్ జెట్స్ జట్టు జో నేమత్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌తో 4,27,000 డాలర్లకు ఒప్పందం చేసుకుంటే దేశమంతా నోరెళ్లబెట్టింది. అప్పట్లో రెండు పోటీ లీగ్‌లు ఉండేవి కాబట్టి ఆ ధర పలికింది. లీగ్‌లు కలిసిపోయాక ఆటగాడు జట్టు మారడం దాదాపు అసాధ్యమైంది. 1987లో ఆటగాళ్ల సంఘం సమ్మె చేస్తే యజమానులు బయటివాళ్లను తెచ్చి మూడు వారాల పాటు మ్యాచ్‌లు ఆడించారు, సమ్మె విరిగింది. సంఘం కోర్టు మెట్లెక్కింది. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ కేసులో జ్యూరీ ఆటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది, ఆ వెంటనే రెజీ వైట్ పేరుతో మరో దావా పడింది. దానితో యజమానులు దిగివచ్చి 1993లో రాజీ పడ్డారు. ఒప్పందం గడువు తీరిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు, బదులుగా జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. 1994లో ఆ పరిమితి 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్ల డాలర్లు. ఆ అంకె ఎవరి దయ వల్లా పెరగలేదు. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా సుమారు 48 శాతమని సంఘంతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది, ఆదాయం పెరిగితే పరిమితి దానంతటదే పెరగాలి. ఆ లీగ్‌లోని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు హెల్మెట్ మీది గుర్తు అమెరికా ఉక్కు పరిశ్రమ గుర్తు నుంచే వచ్చింది. ఉక్కు ఊళ్లు నేర్చిన బేరం మైదానం దాకా వెళ్లిందని చెప్పుకోవడానికి నాకు ఆ హెల్మెట్ బాగా నచ్చుతుంది.

పరిమితి వచ్చాక జట్టు నడపడం లెక్కల విద్య అయిపోయింది. ఆటగాడికి సంతకం బోనస్‌గా 50 కోట్లు ఒకేసారి ఇచ్చారనుకుందాం. డబ్బు ఈ రోజే చేతికందుతుంది, పరిమితి లెక్కలో మాత్రం దాన్ని అయిదేళ్లకు పంచి ఏటా పది కోట్లు చొప్పున రాసుకోవచ్చు. రెండేళ్ల తర్వాత అతన్ని పంపించేస్తే, మిగిలిన 30 కోట్లు లెక్కలోకి వచ్చిపడతాయి. మనిషి ఉండడు, అతని ఖర్చు మాత్రం జట్టు నెత్తిన ఉంటుంది. దాన్ని అక్కడ ‘చచ్చిన డబ్బు’ అంటారు. రస్సెల్ విల్సన్ కథలో ఈ విద్య రెండు కొసలూ కనిపిస్తాయి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్‌లో దొరికిన కుర్రవాడిగా చాలా తక్కువ జీతానికి ఆడుతూ సియాటిల్‌ను 2013 సీజన్‌లో ఛాంపియన్ చేశాడు. క్వార్టర్‌బ్యాక్ మీద మిగిలిన డబ్బుతో ఆ జట్టు మిగతా చోట్ల బలం పెంచుకుంది. అదే విల్సన్‌ను భారీ ధరకు తెచ్చుకున్న డెన్వర్ 2024లో వదిలించుకుంటూ 8.5 కోట్ల డాలర్ల చచ్చిన డబ్బు మోయవలసి వచ్చింది. 2022 డ్రాఫ్ట్‌లో ఎంపికైన 262 మందిలో చిట్టచివరివాడు బ్రాక్ పర్డీ. ఏడాదికి పది లక్షల డాలర్లయినా లేని జీతంతో జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లి, 2025లో అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నాడు. మన శశాంక్‌కు అక్కడి తమ్ముడు అనుకోవచ్చు.

ఒక్కడి మీదే పర్సు గుమ్మరిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. ప్రొ కబడ్డీ పదో సీజన్‌కు జట్టు పర్సు 5 కోట్లు. అందులో 2.605 కోట్లు పెట్టి తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను కొన్నది, అంటే సగం పైన ఒక్క రైడర్‌కే. పవన్ తన వంతు ఆట ఆడాడు. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. రైడర్ ఎంతటివాడైనా అవతలివాణ్ణి పట్టుకునే డిఫెండర్లు లేకపోతే తెచ్చిన పాయింట్లన్నీ ఇచ్చేయడమే.

ఐపీఎల్‌లో ఈ లెక్క మొదట అర్థం చేసుకున్నది మన హైదరాబాద్ మనిషే. 2008లో జట్టు జీతాల పరిమితి 50 లక్షల డాలర్లు. ఒక నగరానికి ముఖచిత్రంగా నిలిచే ‘ఐకాన్’ ఆటగాడికి, జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలన్నది నియమం. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్ ఐకాన్లయ్యారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను వదులుకున్నాడు. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండి ఉంటే అతనికి 15.5 లక్షలు ఇవ్వవలసి వచ్చేది, ఇద్దరితోనే పర్సులో సగానికి పైగా ఖాళీ. ఆ త్యాగం వల్ల గిల్‌క్రిస్ట్, రోహిత్ శర్మ వంటివారికి డబ్బు మిగిలింది. మొదటి ఏడు రెండే విజయాలతో చివరన నిలిచిన జట్టు, 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. లక్ష్మణ్ టెస్ట్ ఇన్నింగ్స్ గురించి పుస్తకాలు వచ్చాయి, ఈ నిర్ణయానికి అందులో పదో వంతు పేరయినా రాలేదు.

ఆ తర్వాతి చరిత్రలో ఒక ధోరణి కనిపిస్తుంది. నియమం ఎప్పుడు మారినా కలం బోర్డు చేతిలోనే ఉంది. 2010లో రవీంద్ర జడేజా నియమాలకు విరుద్ధంగా మరో జట్టుతో బేరమాడాడని ఏడాది పాటు నిషేధించారు. నియమాన్ని మీరడం తప్పే. అయితే ఆ నియమాలు రాసేటప్పుడు ఆటగాళ్ల మాట ఎవరు విన్నారు? 2011లో అట్టిపెట్టుకున్న ఆటగాడి పేరిట పర్సు నుంచి తగ్గించే మొత్తం ఒకటి, అతని చేతికి నిజంగా ఇచ్చే మొత్తం మరొకటి కావచ్చన్న వెసులుబాటు ఉండేది. పెద్ద తారలకు అది మేలు చేసింది. భారత్‌కు ఆడని దేశవాళీ కుర్రాళ్లకు మాత్రం అదే కాలంలో వేలంలోకి ప్రవేశమే లేదు, అనుభవాన్ని బట్టి 10, 20, 30 లక్షల మెట్లలో సరిపెట్టుకోవాలి. వాళ్లకు వేలం తలుపు తెరిచింది 2014లో. ఆ ఏడాది నుంచి పర్సును రూపాయల్లో లెక్కగట్టారు, 60 కోట్లు. 2018లో అది 80 కోట్లు, 2022లో 90, 2025లో 120.

పెరిగింది కదా అంటారు. దేనితో పోల్చి పెరిగిందో చూడాలి. 2018 నుంచి 2022 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 16,347.5 కోట్లకు అమ్ముడుపోయాయి, ఏడాదికి సుమారు 3,270 కోట్లు. ఎనిమిది జట్ల పర్సులు కలిపితే 640 కోట్లు, అంటే ప్రసార డబ్బులో దాదాపు 20 శాతం. 2023 నుంచి 2027 వరకు హక్కుల ధర 48,390 కోట్లు, ఏడాదికి సుమారు 9,680 కోట్లు. పది జట్ల 2025 పర్సులు కలిపితే 1,200 కోట్లు, అంటే 12 శాతం పైచిలుకు. మ్యాచ్‌కు 7.5 లక్షల చొప్పున కొత్తగా వచ్చిన ఫీజు, ప్రతిభ బోనసు కలుపుకున్నా 2025లో జట్టుకు పరిమితి 146 కోట్లే, మొత్తం 15 శాతం. ప్రసార ఆదాయం దాదాపు మూడు రెట్లయింది, పర్సుల మొత్తం రెండు రెట్లయినా కాలేదు. టికెట్లు, స్పాన్సర్ల డబ్బు ఈ లెక్కలో వేయనేలేదు. రిషభ్ పంత్‌కు 27 కోట్లన్న వార్త ముందు ఆటగాళ్ల వాటా తగ్గిన సంగతి ఎవరి కంటా పడలేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పోటీ సమతూకం. పరిమితి లేకపోతే డబ్బున్నవాడిదే రాజ్యమంటారు. నిజమే, అందుకే పరిమితి ఉండాలంటున్నాను. సమతూకం మాత్రం పరిమితి ఒక్కదానితో వచ్చేది కాదు. 2025 వరకు జరిగిన 18 సీజన్లలో పది కప్పులు ముంబై, చెన్నై రెండే పంచుకున్నాయి. అదీగాక ఆదాయంలో వాటా ప్రకారం పర్సు పెంచినా అన్ని జట్లకూ సమానంగానే పెరుగుతుంది, సమతూకానికి భంగం రాదు.

రెండో అభ్యంతరం భిలాయి వంటి ఊళ్లో సహజంగా వస్తుంది. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడే మనిషి, రెండు నెలల ఆటకు కోట్లు తీసుకునేవాడి తరఫున ఎందుకు బాధపడాలి? ఇది తోసిపుచ్చలేని ప్రశ్న. కానీ ఆటగాడికి తగ్గిన రూపాయి కొలిమి దగ్గరి కార్మికుడికి చేరదు, బోర్డుకూ జట్టు యజమానికీ చేరుతుంది. పైగా కోట్లు కొందరివే. సన్‌రైజర్స్ 2025కు ముందు క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్ కుమార్ రెడ్డి అయిదుగురికే 75 కోట్లు కేటాయించింది. మిగిలిన 45 కోట్లలో మిగతా జట్టంతా రావాలి. విశాఖ కుర్రవాడు నితీశ్ కూడా మొదట 20 లక్షల మెట్టు మీద నుంచే వచ్చాడు. ఆ మెట్టు మీదే ఆగిపోయి, రెండు మూడు సీజన్లకే కనుమరుగయ్యేవాళ్లు ఎందరో. దేశవాళీ మ్యాచ్ ఆడితే 2021 సవరణ ప్రకారం రోజుకు 40 వేల నుంచి 60 వేలు వస్తుంది, తుది జట్టులో చోటు దొరక్కపోతే అందులో సగమే.

మూడో అభ్యంతరం బరువైనది. బోర్డు ఆ డబ్బుతో రాష్ట్ర సంఘాలను, మైదానాలను, కుర్రాళ్ల టోర్నీలను నడుపుతుంది, అమెరికా లీగ్‌కు అంతటి బాధ్యత లేదు. ఛత్తీస్‌గఢ్ 2016లో పూర్తి సభ్యత్వం పొంది రంజీ ఆడగలుగుతున్నదంటే అందులో ఐపీఎల్ డబ్బు కూడా ఉంది. అందుకే 48 శాతం ఇక్కడికి యథాతథంగా తేవాలని నేననను. సరైన వాటా 20 శాతమా, 25 శాతమా అన్నది కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. అమెరికాలోనూ అంతా సవ్యంగా లేదు. చాలామంది ఒప్పందాల్లో పూర్తి హామీ ఉండదు, గాయపడితే వీధిన పడేవాళ్లున్నారు. ఆ లోపాన్ని అడిగేందుకు అక్కడ ఒక సంఘమయినా ఉంది.

మన దగ్గర బోర్డును చక్కదిద్దడానికి వేసిన లోఢా కమిటీ సంస్కరణల పుణ్యాన 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది. అందులో సభ్యత్వం రిటైరైన ఆటగాళ్లకే. ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు, అంటే ఏ జీతం గురించి ఇంత రాశామో ఆ జీతం తీసుకునేవాళ్లకు, చోటు లేదు. భిలాయి ప్లాంటులో రిటైరైనవారు మాత్రమే చేరదగిన యూనియన్ ఉంటే వేతన ఒప్పందం మీద ఎవరు సంతకం చేస్తారో ఆలోచించండి. 2025కు ముందు వచ్చిన నిబంధనల్లో, చిన్న వేలంలో విదేశీ ఆటగాడికి ఎంత ధర పలికినా గరిష్ఠంగా 18 కోట్లే చేతికిస్తారని, పై మొత్తం ఆటగాళ్ల సంక్షేమం పేరిట బోర్డుకు వెళుతుందని రాశారు. ఆ సంక్షేమం ఎలా ఉండాలో చెప్పడానికీ ఆటగాళ్ల ప్రతినిధి లేడు.

ఇప్పటి ప్రసార ఒప్పందం 2027తో ముగుస్తుంది. తర్వాతి హక్కుల ధర తేలేలోపే, ఆడుతున్న క్రికెటర్లకు సంఘంలో సభ్యత్వం, పర్సు నిర్ణయించే బల్ల దగ్గర ఒక కుర్చీ ఇవ్వాలి. దాన్ని అడగవలసినవాళ్లు కనీస ధరకు ఆడే కుర్రాళ్లు కాదు, వాళ్లు అడిగితే మరుసటి వేలంలో పేరే ఉండకపోవచ్చు. 18 కోట్లు, 27 కోట్లు అందుకుంటున్న పెద్దలే ముందుకు రావాలి.