కొండరావికి రెండుసార్లు పేరు పెట్టిన డచ్చాయన

ఈ 2026 అక్టోబర్ 24కి ఫ్రీడ్రిచ్ ఆంటోన్ విల్లెం మీకెల్ పుట్టి 215 ఏళ్లు. 215 ఏమంత గుండ్రని అంకె కాదని నాకూ తెలుసు. కానీ ఆదివారం అనుబంధానికి ఏదో ఒక సందర్భం ఉండాలి. 225 దాకా ఆగే ఓపిక సంపాదకులకు లేదు, నాకు అంతకన్నా లేదు. అమీర్‌పేటలో జావా నేర్పుతామనే బోర్డులు చూసి చూసి కళ్లు కాయలు కాచిపోయాయి గానీ, అసలు జావా దీవి చెట్ల లెక్క తేల్చిన మనిషి ఊసు ఒక్క బోర్డు మీదా కనపడదు. ఆయన పేరు పెట్టిన చెట్టు ఒకటి మన తెలంగాణ గుట్టల్లోనే రాళ్లు చీల్చుకుని పెరుగుతోంది. దాన్ని సాకు చేసుకుని ఈ నాలుగు ముక్కలు.

ముందు డచ్చివాళ్లకూ మనకూ ఉన్న పాత బాకీ సంగతి. 1605లో వాళ్ల ఓడ మచిలీపట్నం చేరింది. మరుసటి ఏడు గోల్కొండ సుల్తానుతో ఒప్పందం కుదిరింది. గోల్కొండలోనూ వాళ్ల కోఠీ ఒకటి ఉండేది. అక్కడ ఉద్యోగం వెలగబెట్టిన డేనియల్ హావర్ట్ తర్వాత స్వదేశం వెళ్లి 1693లో కోరమాండల్ మీద పెద్ద పుస్తకమే అచ్చేశాడు. వాళ్లకు కావలసింది మన అద్దకం బట్ట, దానికి ఎరుపు పట్టించే చిరివేరు, నీలిమందు. చెట్టును చెట్టుగా చూసే తీరిక లేదు. అదే కాలంలో అటు మలబారులో వాన్ రీడ్ అనే డచ్చి అధికారి స్థానిక వైద్యుల్ని కూర్చోబెట్టి పన్నెండు సంపుటాల వృక్షగ్రంథం తయారు చేయించాడు. మన తీరానికి ఆ యోగం పట్టలేదు. వందేళ్లు గడిచాయి. సామర్లకోటలో ఇంగ్లీషు కంపెనీ తోట వేసిన రాక్స్‌బర్గ్ వచ్చి మొక్కల తెలుగు పేర్లు రాసుకునేదాకా మనల్ని పట్టించుకున్నవాడు లేడు. 1825 నాటికి డచ్చివాళ్లు ఈ తీరంలోని తమ ఊళ్లన్నీ ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి మూటాముల్లె సర్దుకున్నారు. బందరులో వలందపాలెం అన్న పేరూ, సముద్రం ఒడ్డున కొన్ని సమాధులూ మిగిలాయి. రెండు శతాబ్దాలను ఒక్క పేరాలో దాటేశానని చరిత్ర మాస్టార్లు కోప్పడొద్దు. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

మీకెల్ పుట్టింది ఇప్పటి జర్మనీలో, డచ్చి సరిహద్దును ఆనుకుని ఉన్న నోయెన్‌హౌస్‌లో. చదివింది వైద్యం, గ్రోనింగెన్‌లో. 1833లో డాక్టరయ్యాడు. రెండేళ్లకే రాటర్‌డామ్ వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆచార్య పదవి, 1859 నుంచి ఉట్రెక్ట్‌లో. జీవితమంతా ఈ నాలుగు ఊళ్ల మధ్యే తిరిగాడు. ఉష్ణమండలం ముఖం చూడలేదు. కానీ పెట్టిన పేర్లు సుమారు ఏడు వేలు! మిరియాల కుటుంబం మీద ఒక గ్రంథం, ఈతాకుల్లాంటి సైకాడ్‌ల మీద ఇంకొకటి, సరుగుడు చెట్ల మీద మరొకటి. అంతా ఎండిన కొమ్మలు, కాగితానికి అతికించిన ఆకులు, ఎవరో నావికుడో వైద్యుడో రాసి పంపిన చీటీలు చూసి చేసిన పనే.

మరి ఆ ఎండుకొమ్మలు ఎక్కడివి? ఇక్కడే కార్ల్ లూడ్విగ్ బ్లూమే వస్తాడు. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి ఈయనే. మంచివాడని కాదు, ఇలాంటి వాడు లేకపోతే కథ నడవదు. ఈయనా జర్మనీలో పుట్టినవాడే. మన కథలో డచ్చివాళ్లంటే చాలామంది జర్మన్లే అన్నమాట. జావాలో బొయిటెన్‌జోర్గ్ తోటకు, అంటే ఇప్పటి బోగోర్‌కు, అధికారిగా ఉండి, 1826లో తిరిగి వస్తూ అపారమైన మొక్కల నమూనాలు వెంట తెచ్చుకున్నాడు. వాటి కోసమే 1829లో బ్రసెల్స్‌లో ప్రభుత్వ హెర్బేరియం పెట్టారు. ఏడాది తిరగకముందే బెల్జియం తిరుగుబాటు. ఎండుటాకుల కట్టలన్నీ ఎత్తుకుని లైడెన్ చేర్చారు. దాని మొదటి డైరెక్టరు బ్లూమే. కుర్చీ ఎక్కినవాడు 1862లో చనిపోయేదాకా దిగలేదు.

దిగకపోతే పోయె, ఎవర్నీ దగ్గరకు రానివ్వలేదు. సర్కారు డబ్బుతో సేకరించిన నమూనాలు సొంత ఆస్తిలా బీరువాల్లో పెట్టుకుని, తీరిగ్గా, రంగుల బొమ్మలతో ఖరీదైన పుస్తకాలు వేస్తూ కూచున్నాడు. నిజమే, పుస్తకాలు అందంగా ఉంటాయి. ఇవాళ పూల దుకాణాల్లో కుండీకి వందలు, వేలు పోసి కొనే ఫలెనాప్సిస్ ఆర్కిడ్‌కు ఆ పేరు పెట్టింది ఆయనే, 1825లో. కానీ మీకెల్ డచ్ ఇండీస్ మొక్కలన్నిటికీ కలిపి ఒక గ్రంథం రాద్దామని పూనుకుంటే, లైడెన్ బీరువాల తలుపులు ఆయనకు తెరుచుకోలేదు. ఒకే చిన్న దేశం, ఒకే దీవుల మొక్కలు. రైలెక్కితే పూటలో చేరే దూరం. అయినా అవి చూడకుండానే మీకెల్ 1855 నుంచి 1859 దాకా తన మహాగ్రంథం అచ్చు వేశాడు. దేశదేశాల వాళ్లతో ఉత్తరాలు రాసి, మార్పిళ్లు చేసుకుని, సొంత హెర్బేరియం కూడగట్టుకున్నాడు.

1862 ఫిబ్రవరిలో బ్లూమే పోయాడు. లైడెన్ తాళాలు ఎవరి చేతికి వచ్చాయి? మీకెల్ చేతికే. ఉట్రెక్ట్ ఉద్యోగం వదలకుండానే ఆ పనీ నెత్తికెత్తుకున్నాడు. ఇంకొకడైతే పాత కసి తీర్చుకునేవాడు. ఈయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఒకే రకానివి ఎక్కువ ఉన్న నమూనాలను కట్టలు కట్టి ఇతర దేశాల హెర్బేరియాలకు పంచిపెట్టడం. ముప్పై ఏళ్లు గాలి తగలని కాగితాలు ఊళ్లు తిరిగాయి. 1863 నుంచి ఆరేళ్లలో నాలుగు సంపుటాలుగా ఆ సంపద గురించి తానే రాసి వెలువరించాడు. ఆ మూడో సంపుటంలో, 1867లో, మన చెట్టు ఉంది.

రావి, మర్రి, మేడి, జువ్వి, కొండరావి: ఇవన్నీ లిన్నేయస్ చెప్పినట్టు ఫైకస్ జాతివే. ఈ జాతి చెట్లకు పువ్వులు బయట కనపడవు. కాయ అనుకునేది కాయ కాదు, లోపల వందల పూలు దాచుకున్న గుండ్రటి సంచి. దాని చివరన ఉన్న సన్నని రంధ్రంలోంచి ఆవగింజలో సగం కూడా లేని కందిరీగ దూరి, గుడ్లు పెట్టి, పుప్పొడి అంటిస్తుంది. వేమన పొట్ట విప్పి చూడమన్న మేడిపండులో ఉండేవి ఈ కందిరీగల పిల్లలే. ఆయనకు అవి పురుగుల్లా కనిపించాయి గానీ, అవి లేకపోతే మేడికి విత్తనమే లేదు. లోపల పూలు ఎలా అమరి ఉన్నాయో చూసి, 1844లో నేపుల్స్ శాస్త్రవేత్త గాస్పరిని ఈ ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టాడు. రావి, మర్రి ఒక వాటా. మేడి ఇంకో వాటాకు పోయింది. మీకెల్ కూడా ఆ బాటే పట్టి, 1847లో లండన్ పత్రికలో అత్తిజాతుల మీద తన చిట్టా మొదలుపెట్టాడు. అందులోనే కొండరావికి యూరోస్టిగ్మా ఆర్నోటియానమ్ అని నామకరణం చేశాడు.

ఇరవై ఏళ్లు పోయాక, లైడెన్ బీరువాలు చేతికొచ్చి వేల నమూనాలు కళ్లారా చూశాక, వేరుపడ్డ వాటాలన్నీ మళ్లీ కలిపేశాడు. తాను విడగొట్టినవి తానే ఫైకస్ అనే ఒక్క కప్పు కిందికి చేర్చాడు. శాస్త్రం పద్ధతి ప్రకారం, మొదట పేరు పెట్టినవాడి పేరు బ్రాకెట్లో, సవరించినవాడి పేరు బ్రాకెట్ బయట రాయాలి. కొండరావికి ఫైకస్ ఆర్నోటియానా అని రాసి, దాని పక్కన బ్రాకెట్లో మీకెల్ అని, బయట కూడా మీకెల్ అని వేస్తారు. రెండుసార్లూ ఆయనే. పెద్దవాళ్లు తమ మాట తామే వెనక్కి తీసుకోవడం ఇంత పొదుపుగా, ఇంత బహిరంగంగా నమోదైన చోటు ఇంకొకటి నాకు తెలీదు. ఆ పేరు ఇప్పటికీ చెల్లుతోంది.

ఇంతకూ ఆర్నోటియానా అంటే ఎవరు? గ్లాస్గో ఆచార్యుడు జార్జ్ ఆర్నాట్. దక్షిణ భారత మొక్కల మీద రాబర్ట్ వైట్‌తో కలిసి 1834లో ఒక గ్రంథం వేశాడు. ఆర్నాట్ కూడా ఇండియాకు రాలేదు. అంటే మన బండరాళ్ల మీది చెట్టుకు, దాన్ని చూడనివాడు, దాన్ని చూడని ఇంకొకడి గౌరవార్థం పేరు పెట్టాడు. చూసినవాడు వైట్. 1819లో మద్రాసులో దిగి ముప్పై ఏళ్లకు పైగా కొండా కోనా తిరిగాడు. ఆయన వెంట తిరిగి, రెండువేలకు పైగా ఫలకాల గ్రంథమాలకు బొమ్మలు గీసినవాళ్లు రంగయ్య, తర్వాత గోవిందు. తెలుగు పేర్లే. వైట్ మర్యాద తెలిసినవాడు కాబట్టి ఒక ఆర్కిడ్ జాతికి గోవిందూయా అని పేరు పెట్టాడు. దాన్ని తర్వాతి శాస్త్రజ్ఞులు ట్రోపిడియా అనే వేరే జాతిలో కలిపేశారు. అలా గోవిందు పేరు కొట్టివేతల జాబితాలోకి పోయింది, ఆర్నాట్ పేరు నిలిచింది.

కొండరావిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. దూరం నుంచి రావి అనే అనిపిస్తుంది. దగ్గరకు వెళ్తే రావి ఆకుకుండే పొడుగాటి తోక దీనికి లేదు, కొన పొట్టిగా ముగుస్తుంది. తొడిమ, నడి ఈనె ఎర్రబారి ఉంటాయి. కొత్త చిగురు గులాబీ కలిసిన రాగిరంగు. కాయలు చిన్నవి, మాగాక ఊదారంగు. వేళ్లు చూడాలి అసలు. మట్టి ఉందా లేదా అని అడగవు. బండ మీద చెమ్మ ఉన్న చీలిక దొరికితే చాలు, బిళ్లలా పరుచుకుని, రాతికి కరిగించి పోసినట్టు అతుక్కుపోతాయి. గోరింకలు, పిగిలిపిట్టలు, గబ్బిలాలు తిన్న పండ్ల గింజలే దీనికి రవాణా. నిజాం ఏలుబడిలోని అడవి చెట్ల మీద 1911లో పార్ట్‌రిడ్జ్ పుస్తకం వచ్చేదాకా మన వైపు చెట్ల లెక్క రాసినవాడు అరుదు. ఇంగ్లీషువాళ్ల మద్రాసు జాబితా హైదరాబాదు సరిహద్దు దగ్గరే ఆగిపోయేది.

పంజాగుట్ట ఒకప్పుడు నిజంగానే గుట్ట. ఎర్రమంజిల్ ప్యాలెస్ ఇంకా ఎత్తు మీదే ఉంది, చూడొచ్చు. మిగతా రాళ్లు కంకరయ్యాయి, పునాదులయ్యాయి. ఊరి రాళ్లను కాపాడటానికి 1996లో ఒక సంఘం పుట్టేసరికే ఈ వైపు కాపాడటానికి మిగిలినవి కొన్నే. ఇక్కడి నుంచి నా కథ పద్ధతిగా నడవదు, ఊరూ అలాగే ఉంది మరి. ఫ్లైఓవర్ సందుల్లో, పాత ఇళ్ల డ్రైనేజీ గొట్టాల పక్కన మొలిచేది చాలావరకు మామూలు రావే. దాన్ని కొట్టేసే మున్సిపల్ కూలీ ఏ జాతో చూడడు, గోడ పోతుందని మాత్రం చూస్తాడు. అమీర్‌పేట నుంచి మెట్రో రైలు 2017 నవంబర్‌లో కదిలింది. దాని స్తంభాల కోసం దారి పొడుగునా ఎన్నో చెట్లు పోయాయి, కొన్నిటిని పెకలించి వేరేచోట నాటారు. డివైడర్ల మీద కొన్నాళ్లు కోనోకార్పస్ రాజ్యం నడిచింది, తర్వాత ప్రభుత్వమే నాటొద్దంది.

డచ్చివాళ్లు మాత్రం పోలేదు. వేసవిలో రోడ్డు మీద పసుపు పూలు రాల్చే పచ్చతురాయికి ఇప్పుడున్న శాస్త్రీయ నామం 1927లో డచ్ ఇండీస్ మొక్కల మీద పనిచేసిన హేనే అనే ఆయన ఖరారు చేసిందే. నిద్రగన్నేరును మొదట శాస్త్రానికి పరిచయం చేసిన జాకిన్ లైడెన్‌లోనే పుట్టాడు, పనిచేసింది వియన్నాలో. ఇంకో హాస్టల్ కోసం అమీర్‌పేట గల్లీలో అంతస్తు మీద అంతస్తు లేపుతుంటే, శ్లాబు కింద వరసగా నిలబెట్టే సరుగుడు బాదులు చూడండి. వాటిలో కొన్ని కోస్తా తోటల్లోని కొత్త సంకర రకాలవి కావచ్చు. ఆ సంకరానికి ఒక వైపు మూలం జావా సరుగుడు, క్యాజువరీనా జుంగ్‌హూనియానా. 1851లో దానికి పేరు పెట్టింది, అడిగారా, మీకెల్. జావా అగ్నిపర్వతాలు ఎక్కి దిగిన జుంగ్‌హూన్ మీద గౌరవంతో. ఆ జుంగ్‌హూనూ పుట్టింది జర్మనీలోనే.

మీకెల్ 1871 జనవరి 23న ఉట్రెక్ట్‌లో పోయాడు, అరవై నిండలేదు. తన డబ్బు వృక్షశాస్త్రం చదివేవాళ్లకు పనికొచ్చేలా ఒక నిధికి రాసిపెట్టాడు. ఉట్రెక్ట్ హెర్బేరియం ఈ శతాబ్దంలో మూతపడి, కాగితాలన్నీ లైడెన్ చేరాయి. అంటే మీకెల్ కూడగట్టినవీ, బ్లూమే దాచిపెట్టినవీ ఇప్పుడు ఒకే భవనంలో ఉన్నాయి. ఆ నమూనాల ఫోటోలు ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, అనుమతీ అక్కర్లేదు.