మూతపడని మస్టర్

సింగరేణి బొగ్గు గనుల్లో 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులుండేవారు; ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. మనుషులు తగ్గారు కనుక రికార్డుల బరువూ తగ్గి ఉంటుందనిపిస్తుంది. అక్కడి గోదావరిఖని గనుల హాజరు పుస్తకాలను, అంటే మస్టర్లను చూస్తే ఆ లెక్క నిలవదు. ఎంత దాచాలో, ఎలా పేర్చాలో తేల్చేది రేపు వాటిని అడగబోయే ప్రశ్నే.

ప్రతి కార్మికుడి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, పని, చేరిన తేదీ ఒక పుస్తకంలో ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 48వ సెక్షన్ నిర్దేశించింది. ఏ క్షణాన చూసినా భూగర్భంలో ఎవరెవరున్నారో మరో పుస్తకం చెప్పాలని కూడా అన్నది. అందుకే ఇవి బాయి (గని) వారీగా, షిఫ్టు వారీగా ఏర్పడ్డాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అలాంటి గడియలో ‘లోపల ఎవరున్నారు?’ అన్నదే మొదటి ప్రశ్న. కొత్తగూడెం హెడ్డాఫీసులో పుటలు తిరగేసే వ్యవధి అప్పుడు ఉండదు.

అదే చట్టం 52వ సెక్షన్ మాత్రం మనిషి వారీ లెక్క అడిగింది: వేతన సెలవు దక్కాలంటే ఏడాదిలో భూగర్భ కార్మికుడికి 190, ఇతరులకు 240 హాజర్లు ఉండాలని. లక్ష మంది 300 రోజులు పనిచేస్తారనుకుంటే ఏడాదికి 3 కోట్ల నమోదులు! 1948 చట్టంతో వచ్చిన భవిష్యనిధి, 1998 పింఛను పథకం ఈ లెక్కను దశాబ్దాల పొడవునా సాగదీశాయి. దిగిపోయిన కార్మికుడి భార్య పింఛనుకూ, కొడుకు కారుణ్య నియామకానికీ పాత పుటే ఆధారం. అందులో రాసిన పేరొకటి, ఊళ్లో పిలిచే పేరొకటి అయితే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మారుపేర్ల సమస్య ఏళ్ల తరబడి నలగడానికి మూలం ఇదే.

డిస్కులు చవకైన రోజుల్లో అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సరిపోదా అనవచ్చు. చోటు దొరుకుతుంది గానీ వెతుకులాట తప్పదు. తేదీ వారీగా పేర్చిన పట్టికలో ఒక్క మనిషి ముప్పై ఏళ్ల మస్టర్లు ఏరాలంటే, ఇండెక్స్ లేనప్పుడు మొత్తం తిరగేయాల్సిందే. ఇండెక్స్ పెడితే దానికీ చోటు కావాలి, ప్రతి మస్టర్‌కూ అదనపు రాత తప్పదు. అలాగని బాయి వారీ అమరిక తప్పనలేం. ప్రాణం కాచే ప్రశ్నకు అదే సరైనది. దాని పక్కన మనిషి వారీ అమరికకూ ముందే చోటు లెక్కేసుకోవాలి. బొగ్గు తీసేసిన బాయిని గోదావరి ఇసుకతో నింపి మూసేయవచ్చు. దాని మస్టర్‌ను మాత్రం ఆఖరి పింఛను ఆగేదాకా తెరిచే ఉంచాలి.