తలలు లెక్కపెట్టారు, పేర్లు రాయలేదు

ఈ భాగం మన మిరప చేలల్లో కాకుండా థాయ్‌లాండ్ కొండల్లో మొదలవుతుంది.

మా చెల్లి వాళ్ళు ఉద్యోగాల కోసం బ్యాంకాక్‌లో ఉంటున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏప్రిల్ 25న తెల్లవారకముందే నన్ను హెల్‌ఫైర్ పాస్‌కి తీసుకెళ్ళారు. ఆస్ట్రేలియావాళ్ళు యుద్ధాల్లో పోయిన తమవాళ్ళని తలుచుకునే రోజది. బండరాయిని నిలువునా కోసిన దారిలో, చీకట్లో నిలబడ్డాం. బూర ఊదారు, మౌనం పాటించారు. పొద్దెక్కాక కాంచనబురి సమాధుల తోటకి వెళ్ళాం. అక్కడ దాదాపు 7 వేల సమాధులున్నాయి. ఆఫీసరుకీ మామూలు సిపాయికీ ఒకే కొలత ఫలకం. మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, మనవాళ్ళెవరూ చచ్చిపోలేదా ఇక్కడ?"

చచ్చిపోయారు. ఆ సిపాయిల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది.

జపాన్ సైన్యం 1942-43లో థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 60 వేలకు పైగా యుద్ధఖైదీలతో పని చేయిస్తే, వాళ్ళలో 12 వేల మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉంటారు. వాళ్ళలో చనిపోయినవాళ్ళు సుమారు 90 వేలని అంచనా. అంచనా అంటున్నానంటే, లెక్క రాసినవాడు లేడు కాబట్టి. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి తెచ్చిన తమిళులూ తెలుగువాళ్ళూ ఉన్నారు. తెలుగువాళ్ళు ఎక్కువగా విశాఖ, గోదావరి వైపు నుంచి కంగాణీల వెంట ఓడలెక్కినవాళ్ళు. తోట కూలీల్లో మన పేటలవాళ్ళ వాటా పెద్దది. జపాన్ వచ్చాక రబ్బరు కొనే దిక్కులేక తోటల్లో పని ఆగిపోయింది. మూడు నెలల పనని ఆశపెట్టి కొందరినీ, బలవంతంగా కొందరినీ రైలెక్కించారు. 1943 వానల్లో కలరా పడింది. ఖైదీలకి సొంత డాక్టర్లున్నారు, చచ్చినవాళ్ళ పేర్లు దాచిపెట్టి రాసుకున్న ఆఫీసర్లున్నారు. కూలీలకి ఎవరున్నారు? 1990లో కాంచనబురిలో ఒక గుంట తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒక్కదానికీ పేరు లేదు.

మా అమ్మ మిరపకాయలు కోసిన రోజుల్లో మేస్త్రి పుస్తకం చూశాను. "ముఠా, 22 మంది" అని ఉండేది. పేరు మేస్త్రిది ఒక్కడిదే.

మరి చుండూరు? 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనవాళ్ళు ఆ శవాల్ని ఊరి మధ్యకి తెచ్చి పూడ్చారు. అదే రక్తక్షేత్రం. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు నిందితుల్ని వదిలేసింది గానీ, ఆ ఎనిమిది పేర్లనీ ప్రతి ఆగస్టులో మనం చదువుతూనే ఉన్నాం.

మేనల్లుడికి దారిపొడవునా ఇదంతా చెప్పాను. "ఆ కూలీల పేర్లు ఇప్పుడు దొరకవా?" అన్నాడు. కొన్నయినా దొరుకుతాయేమో. మలయా, రంగం వెళ్ళి తిరిగిరాని తాతముత్తాతల గురించి మీ ఇంట్లో ముసలివాళ్ళని అడగండి. పేరు, ఊరు, పేట రాసి నాకు పంపండి. ఏ ఏడు వెళ్ళారో తెలియకపోయినా ఫర్లేదు.

జై భీమ్.