అడ్మిరల్ సాక్ష్యం

ప్రజాప్రభుత్వంలో సైన్యం పౌరనాయకుల ఆజ్ఞకు లోబడి వుండవలెననే సూత్రాన్ని కాదనేవారు లేరు. చిక్కంతా ఆ నాయకుడుగా ఎవరిని నియమించాలి, ఆజ్ఞాపించే ముందు అతడు ఎవరి మాట వినాలి అనే చోటనే వస్తుంది. 1949లో అమెరికాలో నడచిన ఒక వివాదం ఈ చిక్కును స్పష్టంగా చూపుతుంది. దానికి ‘అడ్మిరళ్ల తిరుగుబాటు’ అని పేరు వచ్చింది. ఆ తిరుగుబాటులో ఒక్క తుపాకి పేలలేదు. అందులో ప్రయోగించిన ఆయుధం సాక్ష్యం మాత్రమే.

రెండవ ప్రపంచయుద్ధానంతరం, 1947లో, ఒక చట్టంద్వారా స్థల, నౌకా, విమాన దళాలు మూడూ ఒకే రక్షణ కార్యదర్శి కిందికి వచ్చాయి. మన రక్షణమంత్రి పదవి వంటిదే అది. తొలి కార్యదర్శి జేమ్స్ ఫారెస్టల్. అంతకు పూర్వం నౌకాశాఖ కార్యదర్శిగా వుండి, తన శాఖ స్వాతంత్ర్యం చెడకుండా ఈ కొత్త పదవికి అధికారాలు తగ్గించాలని వాదించినవాడు ఇతడే. తీరా ఆ పీఠం మీద తానే కూర్చున్నాడు. దళాల మధ్య తగవులు తీర్చడానికి అధికారం చాలక, దేహమూ మనస్సూ అలసి, 1949 మార్చిలో పదవి విడిచాడు. మే నెలలో మరణించాడు.

అతని తరువాత లూయీ జాన్సన్ వచ్చాడు. 1948 ఎన్నికలలో అధ్యక్షుడు ట్రూమన్ పక్షాన నిధులు కూర్చినవాడు. రక్షణశాఖలో వ్యయం తగ్గించడం ఇతని దీక్ష. ఆ ఏప్రిల్ 18న ‘యునైటెడ్ స్టేట్స్’ అనే 65,000 టన్నుల విమానవాహక నౌకకు నిర్మాణం ఆరంభమైంది. ఐదు రోజులకే, 23న, జాన్సన్ దానిని ఆపివేశాడు. నౌకాశాఖ కార్యదర్శి జాన్ సలివన్‌ను ముందుగా సంప్రదించనైనా లేదు. సలివన్ రాజీనామా ఇచ్చాడు. అతని స్థానంలో ఒమాహా నగర న్యాయవాది ఫ్రాన్సిస్ మాథ్యూస్ నియమితుడైనాడు. నావికవిద్యలో తన అనుభవం చిన్న పడవను తెడ్డు వేసి నడపడమేనని అతడు హాస్యమాడినట్లు చెబుతారు. నావికులకు ఆ హాస్యం రుచించలేదు.

వివాదానికి మూలం ఒక్క ఓడ కాదు. ఇకముందు యుద్ధాలు అణుబాంబులు మోసే బి-36 విమానాలతోనే తేలిపోతాయని విమానదళం వాదించింది. నావికాధికారులు దానిని అంగీకరించలేదు. అయితే వారి పక్షంలోనూ తప్పు జరిగింది. ఆ విమానాల కొనుగోలులో అక్రమాలున్నవని ఆరోపిస్తూ ఒక అనామక పత్రం వెలువడింది. ఆగస్టులో ప్రజాప్రతినిధి సభాసంఘం విచారించగా, ఆరోపణలు నిరాధారమని తేలింది. దానిని వ్రాసినవాడు నౌకాశాఖలోని ఒక పౌరోద్యోగియే. న్యాయమైన వాదం కూడా ఇటువంటి చేష్టవల్ల పలుచనైపోతుంది.

అక్టోబరు 13న నౌకాదళాధిపతి లూయీ డెన్‌ఫెల్డ్ అదే సంఘం ఎదుట సాక్ష్యమిచ్చాడు. అంతవరకు అటూ ఇటూ సర్దుబాటుకు చూచినవాడు, ఆనాడు తన అధికారుల పక్షాన నిలిచాడు. రక్షణ నిర్ణయాలలో నౌకాదళానికి సమాన భాగస్వామ్యం దక్కడం లేదన్నాడు. నెల తిరగకముందే మాథ్యూస్ కోరికపై ట్రూమన్ అతనిని తొలగించాడు. తనతో మనసు కలవని అధికారితో పని నడవదన్న మాథ్యూస్ వాదాన్ని తోసివేయలేము. కాని డెన్‌ఫెల్డ్ పత్రికలకెక్కలేదు. శాసనసభ పిలిచి అడుగగా, తాను నమ్మినది చెప్పాడు. అందుకే 1950 మార్చిలో సభాసంఘం తన నివేదికలో ఆ తొలగింపును ప్రతీకారచర్యగా పేర్కొన్నది.

ఆ జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలైంది. జూలై 3న అమెరికా, బ్రిటిష్ విమానవాహక నౌకలనుండి లేచిన విమానాలు ప్యాంగ్‌యాంగ్ ప్రాంతంపై దాడి చేశాయి. సెప్టెంబరు 15న ఇంచన్ వద్ద సేనలు సముద్రం మీదుగా దిగాయి. అప్రయోజనమని కొందరు తలచిన నౌకాబలం అవసరానికి అక్కరకు వచ్చింది. వ్యయం తగ్గించాలన్నది ట్రూమన్ విధానమే అయినా, నింద జాన్సన్ తలపై పడింది. ఆ సెప్టెంబరులోనే అతడు పదవినుండి తప్పుకోవలసి వచ్చింది.

తరువాత ట్రూమన్ ఎన్నుకొన్నది జనరల్ జార్జి మార్షల్‌ను. పదేళ్లలోపు సైన్యంలో పనిచేసిన అధికారి ఈ పదవికి అర్హుడు కాడని అప్పటి చట్టం. పౌరాధికారాన్ని కాపాడడానికి చేసిన ఆ నిబంధనకు శాసనసభ ప్రత్యేక మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. ఇట్టి మినహాయింపులు తిరిగి 2017లోను, 2021లోను అవసరమైనాయి.

పౌరనాయకునికి ఓడ నడపడం రానక్కరలేదు. ఓడ నడిపేవాని మాట వినడం మాత్రం రావాలి. విన్న తరువాత అతడు కాదంటే, అధికారి తల వంచవలసిందే. కాని నిజం చెప్పినవానికి శిక్ష పడుతుందని ఒకసారి తెలిస్తే, మరునాటినుంచి నాయకుని చెవికి చేరేది ఇచ్చకపు మాటలే. ఆ నష్టం ఏ ఆదాయవ్యయ పట్టికలోను కనిపించదు. యుద్ధం వచ్చిన నాడే కనిపిస్తుంది.