చెన్నైలో అద్దె చట్టాల కథ

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో, మద్రాసులో అద్దె నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. తరువాత 1960 చట్టం న్యాయమైన అద్దె నిర్ణయించుకునే వీలు ఇచ్చి, అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించరాదంది. అయినా నగరంలో పది నెలల అడ్వాన్సు ఆనవాయితీ అయింది. 2019లో అమలుకొచ్చిన కొత్త చట్టం మూడు నెలలంది. వేరే ఒప్పందం ఉంటే మాత్రం మినహాయింపు. చిక్కంతా అక్కడే ఉంది. ఇల్లు దొరక్క తిరిగేవాళ్ళు ఏ ఒప్పందాన్ని కాదంటారు? మా పోర్షన్ అద్దె రూ.8,000, అడ్వాన్సు రూ.80,000. అమ్మ చీటీ పాడి కట్టింది. ఆ ఏడాది నా ట్యూషన్ ఆగిపోయింది. కొత్త చట్టం ప్రకారం అద్దె ఒప్పందం రాతలో ఉండాలి. సంతకానికి ముందు ఆ కాగితం మనమే చదివి ఇంట్లో పెద్దవాళ్ళకు చెబుదాం.